నా నక్షత్రం 500 హెర్ట్జ్ దగ్గర వెనుదిరిగింది

మొదటి రెండు నెలల్లో నేను కంప్యూటర్‌లో కూల్చిన నక్షత్రాల్లో ఒక్కటి కూడా గురుత్వ తరంగాన్ని, అంటే స్థలకాలంలో లేచే అలను, పుట్టించలేదు. లోపం కోడ్‌లో లేదు. నిండు గోళంగా ఉన్న వస్తువు ఎంత వేగంగా కూలినా, ఎంత భీకరంగా పేలినా, ఆ గుండ్రదనం చెడనంతవరకు గురుత్వ తరంగాలు రావు. ఇది పుస్తకంలో చదివి పరీక్షలో రాసిన విషయమే. అయినా గురుత్వ తరంగాల మీద పరిశోధన చేస్తున్నానని అందరికీ చెప్పుకుని, రోజూ పొద్దున్నే వచ్చి సున్నాల వరుస చూసుకోవడం వేరే అనుభవం.

మా గైడ్ మాత్రం తొందరపడలేదు. "ముందు నక్షత్రాన్ని సరిగ్గా కూల్చడం నేర్చుకో. అది మోగితే ఎలా ఉంటుందో తర్వాత విందాం" అన్నారామె. అందుకే జీఆర్1డీ అనే కోడ్‌తో మొదలుపెట్టించారు. ఓకానర్, ఓట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన ఈ కోడ్‌ను ఎవరైనా దించుకుని వాడుకోవచ్చు. సాధారణ సాపేక్షత, ఒకే దిశ అని పేరులోనే ఉంది. నక్షత్రాన్ని ఉల్లిపాయలా పొరలుగా చూస్తుంది. పొర లోపలికి పోగలదు, బయటికి రాగలదు, పక్కకు మాత్రం కదలలేదు. అందుకే మామూలు కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది, అందుకే గురుత్వ తరంగాలు ఇవ్వదు.

కోడ్‌కు నేనిచ్చేది సూర్యుడికి 15 రెట్లు ద్రవ్యరాశి ఉన్న నక్షత్రం, దాని ఆఖరి ఘడియలో. కోటి ఏళ్లకు పైగా హైడ్రోజన్ నుంచి సిలికాన్ దాకా ఒక్కొక్క ఇంధనమే కాల్చుకుంటూ వచ్చి, నడిమధ్యలో ఇనుము పోగుపడి ఆగిపోయిన స్థితి అది. ఇనుప కేంద్రకాలను కలిపితే శక్తి రాకపోగా ఎదురు ఖర్చవుతుంది. మూడు నాలుగు వేల కిలోమీటర్ల వ్యాసమున్న ఆ ఇనుప గర్భాన్ని నిలబెట్టి ఉంచేది ఎలక్ట్రాన్ల పీడనం. ఆ పీడనం మోయగల బరువుకు హద్దు ఉందని చంద్రశేఖర్ 1930లలోనే లెక్కగట్టారు. ఇప్పటి లెక్కలో అది సూర్యుడి బరువుకు దాదాపు 1.4 రెట్లు. ఆ దరిదాపులకు చేరాక ప్రోటాన్లు ఎలక్ట్రాన్లను మింగడం మొదలవుతుంది. మోసే చేతులే మాయమైతే ఇల్లు నిలవదు కదా. పావు సెకనులో అంతా అయిపోతుంది. లోపలి భాగం సెకనుకు 70 వేల కిలోమీటర్ల వేగంతో పడుతూ పడుతూ, ఘన సెంటీమీటరుకు 27 కోట్ల టన్నుల సాంద్రత దగ్గర, అంటే పరమాణు కేంద్రకంలో ఉండే సాంద్రత దగ్గర, గోడకు కొట్టిన బంతిలా ఎగిరి వెనక్కి తన్నుతుంది. ఆ ఎదురుదెబ్బను మేం బౌన్స్ అంటాం. మా గడియారం అక్కడే సున్నా నుంచి మొదలవుతుంది. నక్షత్రం కోటి ఏళ్లు బతికినా మాకు లెక్కలోకి వచ్చేది బౌన్స్ తర్వాతి ఒక సెకను.

కేంద్రక సాంద్రత దగ్గర పదార్థం ఎంత గట్టిగా తన్నుతుందో చెప్పేది స్థితి సమీకరణం. సమీకరణం అంటాం కానీ, చేతికి వచ్చేది ఒక పెద్ద పట్టిక. సాంద్రత, ఉష్ణోగ్రత, ఎలక్ట్రాన్ల వాటా అనే మూడు అంకెలు ఇస్తే పీడనం, శక్తి, ఎంట్రోపీ వగైరా చెబుతుంది. లాటిమర్, స్వెస్టీ 1991లో రూపొందించినది ఇప్పటికీ వాడుకలో ఉంది, నేను వాడింది తర్వాత వచ్చిన ఎస్‌ఎఫ్‌హెచ్‌ఓ. నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. పట్టికలో శక్తికి లాగరిథమ్ పెడతారు. బంధన శక్తి వల్ల కొన్ని చోట్ల విలువ రుణాత్మకమవుతుంది, రుణ సంఖ్యకు లాగరిథమ్ లేదు. అందుకని అన్నింటికీ ఒక పెద్ద స్థిర సంఖ్యను కలిపి ఉంచుతారు. చదివేటప్పుడు దాన్ని తీసేయాలి. కోడ్ తీసేస్తుంది. మొత్తం శక్తిని సరిచూసుకోవడానికి నేను రాసుకున్న స్క్రిప్టు తీసేయలేదు. తన గురుత్వానికే తాను కట్టుబడి ఉండని నక్షత్రం, అయినా చక్కగా కూలిపోతోంది! రెండు రోజులు ఆ వింతకు కారణాలు వెతికాను.

ఒకే దిశలో నడిపిన నక్షత్రాలు దాదాపుగా పేలవు. ఇది ఈ రంగంలో అందరికీ తెలిసిన విషయం, చాలామందికి తలనొప్పి తెచ్చిన విషయం కూడా. బౌన్స్‌తో పుట్టిన ఆఘాత తరంగం (మేం దాన్ని షాక్ అనే అంటాం) బయటికి ఉరుకుతుంది కానీ, దారిలో తగిలిన ఇనుప కేంద్రకాలన్నింటినీ చీల్చుకుంటూ పోవాలి. సూర్యుడి బరువులో పదో వంతు ఉన్న ఇనుమును చీల్చడానికి 1.7 × 10⁵¹ ఎర్గులు కావాలి. ఒక మామూలు సూపర్‌నోవా విస్ఫోటన శక్తే 10⁵¹ ఎర్గులు. అంటే నాలుగు అడుగులు వేసేసరికే జేబు ఖాళీ. కేంద్రం నుంచి 150 కిలోమీటర్ల దగ్గర షాక్ చతికిలబడుతుంది. దాన్ని మళ్లీ లేపేది న్యూట్రినోలని (పదార్థానికి దాదాపు తగలకుండా దూసుకుపోయే అతి తేలికైన కణాలు) బేతే, విల్సన్ 1985లో చూపించారు. కూలడంలో విడుదలయ్యే 3 × 10⁵³ ఎర్గుల్లో 99 శాతం న్యూట్రినోలుగానే పోతుంది. అందులో కాస్త షాక్ వెనకాల చిక్కుకుంటే చాలు. 1987 ఫిబ్రవరి 23న మన పొరుగు గెలాక్సీ అయిన పెద్ద మాజెల్లాన్ మేఘంలో పేలిన నక్షత్రం నుంచి మూడు న్యూట్రినో పరికరాలకు, కమియోకాండేకు 11, ఐఎంబీకి 8, బక్సన్‌కు 5 న్యూట్రినోలు దొరికాయి. ఆ రెండు డజన్ల కణాల మీద ఎన్ని వందల పరిశోధన పత్రాలు వచ్చాయో చూస్తే, ఆకలిగొన్న రంగం అంటే ఏమిటో అర్థమవుతుంది. గురుత్వ తరంగాలను పట్టగల లైగో లాంటి పరికరం ఆ రోజు భూమి మీద లేదు.

మూడో నెలలో నన్ను రెండు దిశల కోడ్‌కు మార్చారు. ఇక్కడ నక్షత్రం ఒక అక్షం చుట్టూ ఒకేలా ఉంటుంది, కానీ ఉత్తర దక్షిణాల మధ్య తేడా ఉండవచ్చు. న్యూట్రినోలు కింద నుంచి కాస్తుంటే షాక్ వెనకాల ఉన్న పదార్థం ఎసరులా మరుగుతుంది. వేడి బుడగలు పైకి, చల్లని పాయలు కిందికి. షాక్ కూడా ఊరికే నిలబడదు, అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాటను బ్లాండిన్, మెజ్జకాపా, డిమారినో 2003లో గుర్తించారు. ఈ మరుగుతున్న పదార్థం కింద, కూలిన గర్భంలోంచి అప్పుడే పుట్టిన న్యూట్రాన్ నక్షత్రం ఉంటుంది. మొదట దాని వ్యాసార్థం 50, 60 కిలోమీటర్లు. పై నుంచి పడే ప్రతి పాయా దాని మీద దరువు వేస్తుంది, నక్షత్రం కంపిస్తుంది. గురుత్వ తరంగాల్లో ప్రధాన భాగం ఆ కంపనానిదే.

ఎందుకంత ఆలస్యం, ఒక సెకనే కదా అని ఇంట్లోవాళ్లు అడిగేవారు. లెక్క ఇలా ఉంటుంది. న్యూట్రాన్ నక్షత్రం ఉన్న చోట నా గ్రిడ్‌లో (లెక్క కోసం నక్షత్రాన్ని కోసుకున్న గళ్లలో) ఒక్కో గడి 500 మీటర్లు. ఆ పదార్థంలో ధ్వని వేగం సెకనుకు లక్ష కిలోమీటర్ల దాకా పోతుంది, అంటే ధ్వని ఒక గడిని ఐదు మైక్రోసెకన్లలో దాటేస్తుంది. ఒక్క అడుగులో, అంటే కోడ్ ఒకసారికి ముందుకు జరిపే కాలంలో, ధ్వని గడిని దాటకూడదన్నది 1928లో కూరంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ పెట్టిన నియమం. దాటిందా, అంకెలు పిచ్చెత్తినట్టు పెరిగిపోయి కోడ్ ఆగిపోతుంది. జాగ్రత్తకు సగం తీసుకుంటే అడుగుకు 2.5 మైక్రోసెకన్లు. ఒక సెకనుకు నాలుగు లక్షల అడుగులు. ప్రతి అడుగులో, ప్రతి గడిలో, మూడు రకాల న్యూట్రినోలు, ఒక్కో రకానికి 12 శక్తి తరగతులు. కంప్యూటర్ సమయంలో సింహభాగం ఆ న్యూట్రినోలకే పోతుంది. నా రన్ అర సెకను దాటడానికి మూడు వారాలు పట్టింది, అదీ వందల ప్రాసెసర్ కోర్ల మీద, క్యూలో నిలబడి వచ్చిన వంతుల్లో.

రన్ సాగుతుండగానే మొదటి తరంగాన్ని గీద్దామని కూర్చున్నాను. సూత్రం చూడ్డానికి చిన్నదే. ద్రవ్యరాశి పంపకం గోళం నుంచి ఎంత వంకర పోయిందో చెప్పే రాశి క్వాడ్రుపోల్. కాలంతో పాటు అది మారే వేగం, ఆ వేగం మారే వేగం, అంటే రెండుసార్లు అవకలనం చేస్తే వచ్చేదే తరంగం. ఐన్‌స్టీన్ సూత్రమిది. నేను క్వాడ్రుపోల్‌ను ఫైలులో రాయించి, బయట స్క్రిప్టులో రెండుసార్లు అవకలనం చేశాను. వచ్చింది తరంగం కాదు, గడ్డి. తెర నిండా నిటారుగా లేచిన నల్లటి గీతలు.

కారణం తెలుసుకోవడానికి ఒక పూట పట్టింది. క్వాడ్రుపోల్‌లో ప్రతి తునక బరువునూ దూరం వర్గంతో గుణిస్తాం. కాబట్టి ఏ వేల కిలోమీటర్ల అవతలో నింపాదిగా కదిలే పదార్థం ఆ రాశిలో పెత్తనం చేస్తుంది, నాకు కావలసిన 30 కిలోమీటర్ల నక్షత్రం వణుకు చివరి అంకెల్లో ఎక్కడో దాగి ఉంటుంది. ఫైలులో నేను ముద్రించిందేమో ఏడు అంకెలు. రెండుసార్లు అవకలనం చేసేసరికి, అంకెలు కత్తిరించడంతో వచ్చిన ఆ చిన్న గతుకులు కొండలయ్యాయి. దీనికి మందు 1990లోనే ఫిన్, ఎవాన్స్ చెప్పి ఉంచారు: ఒక అవకలనాన్ని ద్రవ్యరాశి నిత్యత్వ సమీకరణంతో తప్పించి, సాంద్రత, వేగాల నుంచి కోడ్ లోపలే సంకలనం చేయాలి. అప్పుడు బయట చేయవలసిన అవకలనం ఒక్కటే మిగులుతుంది. మా కోడ్‌లో ఆ రాశి కూడా లెక్కవుతోంది, పక్క నిలువు వరుసలో. నేను చూడలేదు, అంతే.

ఆ వరుస తీసుకున్నాక గడ్డి పోయి తరంగం తేలింది. ఈ రంగంలో తరంగం ఎత్తును సెంటీమీటర్లలో చెబుతారు. విన్నప్పుడు వింతగా ఉంటుంది కానీ, అది తరంగ తీవ్రతను దూరంతో గుణిస్తే వచ్చే సంఖ్య. నాది కాస్త అటూ ఇటూగా పది సెంటీమీటర్లు. మన పాలపుంతలోనే, 10 కిలోపార్సెక్కుల దూరంలో, అంటే 33 వేల కాంతి సంవత్సరాల అవతల ఈ నక్షత్రం పేలిందనుకుంటే ఆ పది సెంటీమీటర్లను 3 × 10²² సెంటీమీటర్లతో భాగించాలి. వచ్చేది 3 × 10⁻²². లైగోలో నాలుగు కిలోమీటర్ల చేయి ఆ మేరకు సాగితే, ఆ సాగుడు ప్రోటాన్ వ్యాసంలో వెయ్యో వంతు కన్నా తక్కువ. కాగితం మీద ఈ భాగహారం చేసిన రోజు కాసేపు పెన్ను పక్కన పెట్టేశాను.

ఇక అసలు కథ. తరంగాన్ని చిన్న చిన్న కాల వ్యవధులుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ పౌనఃపున్యం ఎంతుందో రంగుల్లో చూపే పటాన్ని స్పెక్ట్రోగ్రామ్ అంటారు. అడ్డంగా కాలం, నిలువుగా పౌనఃపున్యం. ఇప్పటిదాకా ఎంతోమంది చేసిన సిమ్యులేషన్లలో ఈ పటం ఒకే పోలికతో ఉంటుంది. బౌన్స్ అయిన వెంటనే 100 హెర్ట్జ్ దగ్గర కాస్త అలజడి, కొన్ని పదుల మిల్లీసెకన్ల నిశ్శబ్దం, ఆ తర్వాత ఎడమ నుంచి కుడికి ఎగబాకే ఒక ప్రకాశవంతమైన గీత. నా పటంలో కూడా అలాగే వచ్చింది. 300 దగ్గర కనిపించింది, 400 దాటింది, బౌన్స్ తర్వాత 220 మిల్లీసెకన్లకు 500 చేరింది. అక్కడ, కొండ శిఖరం ఎక్కినట్టు, వెనుదిరిగింది. అంతే నున్నగా, అంతే స్పష్టంగా కిందికి జారుతూ అర సెకనుకు 100 దాకా వచ్చేసింది.

చదివిన ఏ పత్రంలోనూ ఇలాంటిది లేదు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. పౌనఃపున్యం తగ్గుతోందంటే న్యూట్రాన్ నక్షత్రం మళ్లీ ఉబ్బుతోందా? లేక గర్భంలో పదార్థం మరో స్థితికి మారిందా, ప్రోటాన్లు, న్యూట్రాన్ల లోపలి క్వార్కులు విడివడ్డాయా? నేను వాడిన పట్టికలో క్వార్కులే లేవన్న సంగతి ఆ ఉత్సాహంలో గుర్తుకు రాలేదు. రెండు పేజీల నోట్సు రాసి, పటాన్ని పెద్దగా ప్రింటు తీసి, మర్నాడు మా గైడ్ ముందు పెట్టాను. ఆమె నోట్సు ముట్టుకోలేదు. పటం వైపు చూసి ఒక్క ప్రశ్న అడిగారు.

"సరిగ్గా 500 దగ్గరే ఎందుకమ్మా తిరిగింది? 487 దగ్గరో 530 దగ్గరో ఎందుకు తిరగలేదు?"

నాకు జవాబు తట్టలేదు. ఆమె కాగితం వెనక్కి తిప్పి నా ముందుకు తోశారు. "నక్షత్రం బరువు 1.4 అనుకో. వ్యాసార్థం 30 ఉన్నప్పుడెంత, 20 ఉన్నప్పుడెంత, వేసి చూడు."

ఒక గోళం తన సొంత గురుత్వంలో కంపించే వేగాన్ని అంచనా వేయడానికి చిన్న సూత్రం ఉంది: గురుత్వ స్థిరాంకాన్ని ద్రవ్యరాశితో గుణించి, వ్యాసార్థం ఘనంతో భాగించి, వర్గమూలం తీసి, దాన్ని 2πతో భాగించడం. కచ్చితమైన జవాబు రాదు కానీ స్థాయి తెలుస్తుంది. 30 కిలోమీటర్లకు దాదాపు 420 హెర్ట్జ్ వచ్చింది. 20 కిలోమీటర్లకు 770. నా సిమ్యులేషన్‌లోనే వ్యాసార్థం గీత ఉంది, అది 30 నుంచి 20 వైపు దిగుతూనే ఉంది, ఎక్కడా ఉబ్బలేదు. తీగ బిగిస్తుంటే శ్రుతి పెరగాలి కానీ తగ్గదు కదా. అంతసేపూ ఆ రెండు పటాలు నా దగ్గరే, ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి.

"నువ్వు తరంగాన్ని ఎంతసేపటికి ఒకసారి రాయించావు?" అన్నారు. అప్పుడు వెలిగింది. మిల్లీసెకనుకు ఒకసారి. సెకనుకు వెయ్యి నమూనాలు. వెయ్యి నమూనాలతో చూడగలిగేది 500 హెర్ట్జ్ వరకే. ఆ పైన ఉన్నది మాయమైపోదు, అదే ఇబ్బంది. మడత పడుతుంది. 620 ఉన్నది 380గా, 900 ఉన్నది 100గా కనిపిస్తుంది. సినిమాలో బండి ముందుకు పోతుంటే చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనబడేది ఈ మాయ వల్లనే. సిగ్నల్ ప్రాసెసింగ్‌లో మొదటి వారం చెప్పే పాఠం. నా నక్షత్రానికి 500 అనే సంఖ్యతో ఏ సంబంధమూ లేదు, అది నా ఫైలు సంఖ్య. మిల్లీసెకను అన్నది కూడా నేను ఆలోచించి పెట్టింది కాదు, నమూనా ఇన్‌పుట్ ఫైలులో ఉన్నదాన్ని అలాగే ఉంచాను. డిస్కులో చోటు మిగులుతుందని మనసులో సంతోషం కూడా. ఒక అడుగుకు ఒక్క సంఖ్య రాస్తే ఎంత చోటు పడుతుంది? నాలుగు లక్షల సంఖ్యలు, ఒక చిన్న ఫొటో అంత.

ఆ రెండు పేజీల నోట్సు ఇప్పటికీ దాచుకున్నాను. భాష బాగుంది.

మూడు వారాల రన్ మొత్తం మళ్లీ చేయవలసిన పని లేకపోవడం నా అదృష్టం. మధ్య మధ్యలో నక్షత్రం పూర్తి స్థితిని చెక్‌పాయింట్లుగా దాచి ఉంచాం. వాటిలో బౌన్స్ తర్వాత 150 మిల్లీసెకన్ల నాటిదాన్ని తీసుకుని, 10 మైక్రోసెకన్లకోసారి రాయమని చెప్పి మళ్లీ వదిలాను. రెండు వారాల తర్వాత గీసిన పటంలో గీత 500ను చూడనట్టే దాటుకుని పైకి వెళ్లిపోయింది. అర సెకనుకు 900 దగ్గర ఉంది. అందరి పటాల్లాగే ఉంది. ఆ మామూలుతనం చూసి నేను పొందిన ఆనందం ముందు పటం చూసినప్పటి ఆనందం కన్నా తక్కువేం కాదు.

దాంతో అయిపోలేదు. మా గైడ్ పటం అంచున పెన్సిల్‌తో "నక్షత్రం ఎంత, గ్రిడ్ ఎంత?" అని రాసి తిరిగి ఇచ్చారు. తర్వాతి నాలుగు నెలలు ఆ ఒక్క వాక్యానికి జవాబు వెతకడమే పని.

ముందు పౌనఃపున్యం సంగతి. మా రెండు దిశల కోడ్ ఐన్‌స్టీన్ సమీకరణాలను పూర్తిగా పరిష్కరించదు. న్యూటన్ గురుత్వాన్నే కాస్త సవరించి, సాపేక్షత బలాన్ని తెచ్చిపెట్టుకుంటుంది. ఖర్చు తక్కువ, షాక్ ఎక్కడుందో బాగానే చెబుతుంది. కానీ కంపనాల పౌనఃపున్యాన్ని 15 నుంచి 20 శాతం ఎక్కువ చూపుతుందని మ్యూలర్, యాంకా, మారెక్ 2013లో పూర్తి సాపేక్షతతో పోల్చి చూపించారు. కాబట్టి నా 900 నిజానికి 750 ప్రాంతంలో ఉండాలి. గీత ఆకారం నక్షత్రానిది, దాని ఎత్తులో కొంత మా సవరణది.

తర్వాత బలం. రెండు దిశల్లో సుడులు వింతగా ప్రవర్తిస్తాయి. నిజమైన ద్రవంలో పెద్ద సుడి చిన్న సుడులుగా విరిగి అణగిపోతుంది. రెండు దిశల్లో మటుకు చిన్నవి కలిసి పెద్దవవుతాయి. పెద్ద సుడులు న్యూట్రాన్ నక్షత్రాన్ని గట్టిగా బాదుతాయి. అందుకే మూడు దిశల్లో చేసినవారికి తరంగం ఎత్తు మాకన్నా చాలా తక్కువ వస్తుంది. పైగా మా నక్షత్రానికి అక్షమే ఒక గోడ. అటు వచ్చిన పాయ పక్కకు తప్పుకోలేక అక్షం వెంబడి చిమ్ముతుంది. ఒక రన్‌లో షాక్ ఉత్తర ధ్రువం దగ్గర కొమ్ములా పొడుచుకు వచ్చింది. చూడ్డానికి ఎంతో బాగుంది. ఈసారి నోట్సు రాయలేదు.

విడిగా గ్రిడ్ పరీక్ష కూడా చేశాను. గడిని 500 మీటర్ల నుంచి 350కి, తర్వాత 250కి తగ్గించాను. సగానికి తగ్గిస్తే గడులు నాలుగింతలు, అడుగులు రెండింతలు, వెరసి ఎనిమిదింతల ఖర్చు. అందుకే 250 మీటర్ల రన్ 300 మిల్లీసెకన్లతో ఆపేయవలసి వచ్చింది. మూడు పటాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే పైకెక్కే గీత మూడింటిలోనూ దాదాపు ఒకే చోట ఉంది. ఎత్తులు మాత్రం కలవలేదు. ఇంకో ప్రయోగంలో గడి మార్చకుండా, మొదట్లో సాంద్రతకు చల్లే చిటికెడు యాదృచ్ఛిక అలజడిని మాత్రమే మార్చాను. అదే నక్షత్రం, అదే కోడ్, గీత అదే, కానీ తరంగంలో ఏ శిఖరమూ పాత శిఖరం మీద పడలేదు. 2015 సెప్టెంబరు 14న లైగో పట్టిన కృష్ణబిలాల కలయిక లాంటివాటికైతే తరంగం అచ్చును ముందుగానే తయారు చేసుకుని డేటాలో పోల్చి వెతకవచ్చు. కూలే నక్షత్రానికి ఆ వీలు లేదు. ఎసరులో ఏ బుడగ ఎప్పుడు పగులుతుందో చెప్పలేనట్టే ఇదీ. అందుకే వీటిని వెతికేవారు అచ్చుతో కాకుండా, దూరదూరంగా ఉన్న పరికరాల్లో ఒకేసారి అదనపు శక్తి కనిపించిందా అని చూస్తారు.

వేగంగా తిరిగే నక్షత్రాల దారి వేరు. తిరుగుడు వల్ల గర్భం ముందే నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి బౌన్స్ క్షణానే పదునైన ఒక దెబ్బ వినిపిస్తుంది, దాని ఆకారాన్ని ముందుగా లెక్కించనూ వచ్చు. 2017లో రిచర్స్, ఆయన సహచరులు 18 స్థితి సమీకరణాలతో ఇలాంటివి 1824 సిమ్యులేట్ చేశారు. నాకు ఆ సంఖ్య చూస్తే ఈర్ష్య. నేను చేసినవి, సగంలో చచ్చినవి కూడా కలుపుకుని, పదకొండు.

ఒక సాయంత్రం పని మానేసి తరంగాన్ని ధ్వని ఫైలుగా మార్చాను. దానికేమీ చేయనక్కర్లేదు, 100 నుంచి వెయ్యి హెర్ట్జ్ దాకా అన్నీ మన చెవికి వినబడేవే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నొక్కితే అర సెకనులో అయిపోయింది. ఒక గరగర, చిన్న విరామం, ఆపైన ఎవరో బొంగురు గొంతుతో ప్రశ్న అడుగుతున్నట్టు పైకి సాగిన రాపిడి. పక్క బల్ల దగ్గరున్న సీనియర్ అక్క విని, "జలుబు చేసిందా దీనికి?" అంది. పాత ఫైలును, మడతపడినదాన్ని కూడా వినిపించాను. అది పైకి వెళ్లి కిందికి దిగింది, నిట్టూర్చినట్టు. నిజం చెప్పాలంటే వినడానికి అదే బాగుంది.

చివరగా చేసింది దూరం పరీక్ష. లైగో డేటాలో ఉండే నాయిస్ ఎలా ఉంటుందో అలాంటి కృత్రిమ నాయిస్‌లో నా తరంగాన్ని కలిపి, పటంలో గీత కనబడుతుందా అని చూడాలి. 3 కిలోపార్సెక్కుల దగ్గర స్పష్టంగా కనబడింది. 10 దగ్గర, ఎక్కడ చూడాలో తెలిసినవారికి కనబడింది. రెండు దిశల్లో ఎత్తు ఎక్కువ వస్తుందన్న సంగతి తలచుకుని మూడో వంతుకు తగ్గించి మళ్లీ కలిపాను. 10 దగ్గర గీత చెదిరిపోయి, అక్కడక్కడా రెండు మూడు మచ్చలు మిగిలాయి. 50 కిలోపార్సెక్కుల దగ్గర, అంటే 1987 నాటి నక్షత్రం ఉన్న దూరంలో, ఏమీ లేదు. నాకు నేనే కలిపానని తెలిసి, కళ్లు చికిలించి వెతికినా లేదు. మన పాలపుంతలో ఇలాంటి పేలుళ్లు శతాబ్దానికి రెండు మూడు జరుగుతాయని అంచనా. ఇక్కడ అందరూ కంటితో చూసి రాసిపెట్టిన చివరి సూపర్‌నోవా 1604 నాటిది, అది కూడా ఇలా కూలి పేలిన రకం కాదు. వచ్చేది ఎప్పుడో, ఎంత దూరంలోనో.

ఇప్పుడు మూడు దిశల రన్ క్యూలో ఉంది. దానికి అడిగిన కంప్యూటర్ సమయం నా పదకొండు రన్‌లు కలిపినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, మళ్లీ అడిగితే ఇవ్వరు. పంపేముందు ఇన్‌పుట్ ఫైలును మా గైడ్‌కు చూపించాను. ఆమె గ్రిడ్ చూశారు, పట్టిక పేరు చూశారు, న్యూట్రినో తరగతులు లెక్కపెట్టారు. నేను ఒక్క వరుసే నాలుగుసార్లు చదివాను: క్వాడ్రుపోల్ రాయవలసిన వ్యవధి, 10 మైక్రోసెకన్లు.